ఆ సైకిల్ పాట కూడా వాళ్లదే

ప్రశ్న: మావాడు ఇంజినీరింగ్ మూడో ఏడు. పొద్దస్తమానం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' వింటుంటాడు. నేనూ విన్నాను, నచ్చింది. మొదటి ఆల్బమ్ నుంచి వరసగా విందామని మొదలుపెడితే సైకిల్ మీద, దిష్టిబొమ్మ మీద, మరుగుజ్జు మీద పాటలు! ఇది అదే బ్యాండేనా? వాటిని రాసిన సిడ్ బారెట్‌ని తోటివాళ్లే వదిలేశారని మావాడు అంటున్నాడు. నిజమేనా?
- ఒక టీచర్, కాకినాడ

జవాబు: అదే బ్యాండ్ అమ్మా. రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్ రెండింటిలోనూ ఉన్నారు. ముగ్గురూ లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ కలిసినవాళ్లు. కేంబ్రిడ్జ్ నుంచి బొమ్మలు వేయడం నేర్చుకోడానికి లండన్ వచ్చిన సిడ్ 1964లో వాళ్లతో చేరాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ (అక్కడి నల్లజాతివాళ్ల పాటల బాణీ) గాయకుల పేర్లు కలిపి బ్యాండ్‌కి పేరు పెట్టింది అతనే.

మొదట్లో వాళ్లూ అందరిలాగే బ్లూస్ పాటలు వాయించేవాళ్లు. 1965లో ఒక క్లబ్బులో రాత్రంతా, గంటన్నర చొప్పున మూడు విడతలు వాయించాల్సి వచ్చింది. చేతిలో అన్ని పాటలు లేవు. ఉన్న పాటనే సాగదీయడం అక్కడ అలవాటైంది. నేను ఇరవై ఏళ్లు పద్య నాటకాలకు మైక్ సెట్ చూసుకున్నాను. జనం 'వన్స్ మోర్' అంటే నటుడు ఒక్క పాదం మీద రాగం ఎంతసేపు తీస్తాడో నాకు తెలుసు. అందుకే, మొదటి ఆల్బమ్‌లో దాదాపు పది నిమిషాలు సాగే 'ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్' మొదటిసారి విన్నప్పుడే నాకు దగ్గరగా అనిపించింది.

ఆ గిటార్‌ని జాగ్రత్తగా వినండి. సిడ్ తీగల మీద సిగరెట్ లైటర్ జారుస్తూ వాయించేవాడు. ఆ శబ్దం బిన్సన్ ఎకోరెక్ అనే ఇటలీ ఎకో మిషన్‌లోకి వెళ్లేది. అందులో టేపు ఉండదు. అయస్కాంతపు డ్రమ్ము ఒకటి గిర్రున తిరుగుతూ ఉంటుంది, దాని చుట్టూ హెడ్లు ఉంటాయి. ఒక హెడ్ రికార్డు చేసిన శబ్దాన్ని మిగతావి ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తాయి. ఒక్క మీటు నాలుగు మీటులై తిరిగొస్తుంది. 1967 మే 12న క్వీన్ ఎలిజబెత్ హాల్లో ఇంకో అడుగు వేశారు. హాలు చుట్టూ స్పీకర్లు పెట్టి, చేతిలో ఇమిడే ఒక పుల్లను అటూ ఇటూ తిప్పుతూ శబ్దాన్ని జనం చుట్టూ తిప్పారు. రెండు హార్న్ స్పీకర్లతో ఊరంతా నెగ్గుకొచ్చిన నాకు ఇది చదివినప్పుడు ఒళ్లు పులకరించింది.

ఇక సిడ్ సంగతి. వదిలేశారన్నది నిజమే. 1967లో అతను రాసిన 'సీ ఎమిలీ ప్లే' పాట బ్రిటన్ రికార్డు అమ్మకాల పట్టికలో 6వ స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది అతను చేజారిపోతూ వచ్చాడు. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు వాడకం ఉంది, మనసు కుదురు తప్పింది. స్టేజీ మీద వాయించకుండా నిలబడిపోయేవాడు. సాయంగా చిన్ననాటి స్నేహితుడు డేవిడ్ గిల్మోర్‌ని తెచ్చుకున్నారు. 1968 జనవరిలో ఒకరోజు సౌతాంప్టన్ ప్రోగ్రామ్‌కి వెళ్తూ, సిడ్‌ని ఎక్కించుకుందామా అని కారులో ఎవరో అడిగారు. వద్దులే అనుకున్నారు. అంతే. అప్పటికి వాళ్లలో ఎవరికీ పాతికేళ్లు నిండలేదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం, కానీ వాళ్లని దోషులుగా నిలబెట్టడానికి మనసొప్పదు. 1970లో సిడ్ సొంతంగా రెండు ఆల్బమ్‌లు చేస్తే, వాటిని పూర్తిచేయడానికి స్టూడియోలో కూర్చున్నది గిల్మోర్, వాటర్స్, రైట్‌లే. ఇది కూడా మీవాడికి చెప్పండి.

సిడ్ వెళ్లాక పాటలు రాసేవాడు లేడు. అప్పుడు ఆర్కిటెక్చర్ చదువు పనికొచ్చింది. రెండో ఆల్బమ్‌లోని 'ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్'కి వాటర్స్, మేసన్ స్వరాలు రాసుకోలేదు, ఇంటి ప్లాన్ గీసినట్టు కాగితం మీద ఎత్తుపల్లాలు గీసుకున్నారు. మీకు నచ్చిన 1973 ఆల్బమ్‌కి దారి అక్కడే మొదలైందని నా నమ్మకం. మధ్యలో 1971 నాటి 'ఎకోస్' ఒక్కటి తప్పకుండా వినండి. ఇరవై మూడు నిమిషాలు పడుతుంది, వంట చేస్తూ కాకుండా కూర్చుని వినండి.

ఇంకొక్క మాట. ఆ సైకిల్ పాటని మధ్యలో ఆపేసి ఉంటారు. చివరిదాకా వెళ్లండి. పాట అయిపోయాక గడియారాలు, గంటలు కలగాపులగంగా మోగుతాయి. అది కాగానే మీవాడి ఆల్బమ్‌లో 'టైమ్' పెట్టమనండి, మొదట్లో మోగేవి కూడా గడియారాలే. హెడ్‌ఫోన్స్ తీసేసి, స్పీకర్లో పెట్టుకుని ఇద్దరూ కలిసి వినండి.