చాదస్తమా, ఛాదస్తమా?

సందేహం: ‘చాదస్తం’ని కొందరు ‘ఛాదస్తం’ అని రాస్తున్నారు. ఏది సరి? ఛాందసం, చాదస్తం ఒకటేనా? ప్రతి మాటలో తప్పులు వెతికే పండితుణ్ణి చాదస్తుడు అనొచ్చా?

సమాధానం: ఒత్తు లేని ‘చాదస్తం’ సరైనది. సంస్కృతంలోని ఛాందసానికి ఇది వికృతి. తెలుగు నోట్లో పడ్డాక ఒత్తూ సున్నా పోయి, చివర ‘స్త’ వచ్చింది. ఛందస్సు అనగానే మనకు గణాలు, యతిప్రాసలు గుర్తొస్తాయి గానీ ఆ మాటకు వేదం అనే అర్థం కూడా ఉంది, పాణిని సంస్కృత వ్యాకరణ సూత్రాల్లో ‘ఛందసి’ అంటే వేదభాషలో అనే. కాబట్టి ఛాందసుడంటే మొదట్లో వేదం చదువుకున్నవాడు, అందులో తిట్టేమీ లేదు. వేదాన్ని ఒక్క స్వరం కూడా తప్పకుండా వల్లించాలి, అక్కడ ఆ పట్టింపు తప్పనిసరి. అదే పట్టింపు మామూలు విషయాల్లోకీ వచ్చేసరికి పక్కవాళ్లకు విసుగు పుట్టి, మాటకు ఇప్పటి అర్థం వచ్చిందని నా అభిప్రాయం.

పుట్టుక ఒకటే అయినా ఇప్పుడు ఈ రెండూ వేర్వేరు మాటలు. పత్రికల్లో ‘మత ఛాందసవాదం’ అని రాస్తారు, అక్కడ చాదస్తం పెడితే అస్సలు నప్పదు. చాదస్తం ఇంటి మాట. ‘ఆయనకి కాస్త చాదస్తం ఎక్కువ’ అన్నప్పుడు విసుగు ఉంటుంది గానీ ద్వేషం ఉండదు, ‘నా చాదస్తం గానీ వాడు నా మాట వింటాడా’ అని మనల్ని మనమే అనుకుంటాం కూడా.

ఇక పండితుడి సంగతి. అనొచ్చు, కానీ చూసి అనాలి. ‘విధ్యార్థి’ అని రాస్తే ‘విద్యార్థి’ అని దిద్దడం చాదస్తం కాదు, దిద్దాల్సిందే. ఎవరో కష్టంలో ఉండి ఉత్తరం రాస్తే, విషయం వదిలేసి ‘రాస్తున్నాను కాదు, వ్రాస్తున్నాను అనాలి’ అంటూ దాని మీదే గంటసేపు వాదిస్తే, అదీ చాదస్తం. పాండిత్య ప్రదర్శన అనేది మళ్లీ వేరు. తనకు చాలా తెలుసని నలుగురూ అనుకోవాలని చేసేది ప్రదర్శన. చాదస్తుడికి ఆ యావ ఉండదు, ఎవరూ చూడకపోయినా అతను ఆ అక్షరం దగ్గరే ఆగిపోతాడు. అందుకే గొప్పలు పోయేవాణ్ణి చాదస్తుడు అంటే మాట సరిగ్గా అతకదు.

ఆడవాళ్లనైతే చాదస్తురాలు అంటారు. చాదస్తపు మనిషి అంటే ఇద్దరికీ సరిపోతుంది.