లెక్క చూస్తే విశ్వాసం పోతుందా?

ప్రశ్న: మా వారి ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. సంఘంలో ఎవరికీ తెలియకూడదన్నారు. ఆదివారం ఎప్పటిలాగే చక్కగా తయారై వెళ్తాం. ఎవరడిగినా "దేవుని కృపవల్ల బాగున్నాం" అంటాం. కానుకలు కూడా తగ్గించలేదు, అప్పు చేసి మరీ ఇస్తున్నారు. ఇప్పుడు నా పేరు మీద ఇంకో లోను తీసుకుందామంటున్నారు. ఎలా తీరుస్తామని అడిగితే, "వెలి చూపువలన కాక విశ్వాసమువలన నడవాలి, నీకు విశ్వాసం తక్కువ" అంటారు. రాత్రిళ్ళు ఆయనకు నిద్ర ఉండదు. నాకేమో ప్రార్థనకు కూర్చున్నా వడ్డీ లెక్కలే గుర్తొస్తాయి. నిజంగా నా విశ్వాసమే తక్కువా?

జవాబు: అమ్మా, "చక్కగా తయారై వెళ్తాం" అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. మీ వారు మీకు చెప్పే వాక్యం వెలి చూపుకు, అంటే పైకి కనిపించేదానికి, లొంగొద్దంటుంది. మీ ఇంట్లో ఎనిమిది నెలలుగా జరిగేదంతా చూసేవాళ్ళ కోసమే. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయాన్ని మించిన వెలి చూపు ఏముంటుంది? అలాగని ఈ మాట తీసుకెళ్ళి ఆయన ముఖాన కొట్టకండి. పని పోయిన మనిషికి సిగ్గు మోయలేనంత బరువు. పాపం, దాన్ని వాక్యం చాటున దాచుకుంటున్నారు.

ఆ వాక్యం బైబిల్లో రెండో కొరింథీ పత్రిక, అంటే అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం, 5వ అధ్యాయంలో ఉంది. అక్కడ పౌలు మాట్లాడేది అప్పుల గురించి కాదు. ఈ శరీరం గుడారంలాంటిది, శిథిలమైపోతుంది, ప్రభువు దగ్గర శాశ్వతమైన నివాసం ఉంది, దాన్ని ఇంకా కళ్ళతో చూడకపోయినా ధైర్యంగా ఉన్నాం అంటున్నాడు. ఆయన వృత్తి కూడా డేరాలు కుట్టడమే. గుడారం ఎంతకాలం నిలుస్తుందో తెలిసినవాడు.

మీ వారు ఆ ఒక్క వచనం దగ్గరే ఆగిపోయారు. అదే పత్రిక మొదటి అధ్యాయం చదవండి. ఆసియలో తమకు శక్తికి మించిన శ్రమ వచ్చిందని, బతుకు మీద ఆశే వదులుకున్నామని పౌలు సంఘానికే రాశాడు. "బాగున్నాం" అని రాయలేదు. అలా రాసినందుకు ఆయన్ని విశ్వాసం లేనివాడని మనమెవరమూ అనం. ఇక 8వ అధ్యాయంలో కానుకల సంగతి చూడండి. డబ్బు విషయంలో తమ మీద మాట రాకూడదని దాన్ని తీసుకెళ్ళడానికి నమ్మకమైన మనుషుల్ని జత చేశాడు. మనస్సు సిద్ధంగా ఉంటే చాలు, కలిగినదాన్ని బట్టే ఇవ్వాలి, లేనిదాన్ని బట్టి కాదని అక్కడే 12వ వచనం చెబుతుంది. అప్పు తెచ్చి కానుక ఇమ్మని నేను బైబిల్లో ఎక్కడా చదవలేదు.

వడ్డీ లెక్కలు గుర్తొస్తున్నాయని బాధపడ్డారు కదా, యిర్మీయా 32వ అధ్యాయం మీకోసమే అనిపిస్తుంది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. ప్రవక్త యిర్మీయా చెరసాల ప్రాకారంలో ఖైదీ. అలాంటప్పుడు దేవుడు చెప్పాడని అనాతోతులో పొలం కొన్నాడు. ఎలా కొన్నాడో చూడండి: 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు, పత్రం రాసి ముద్ర వేశాడు, సాక్షుల్ని పెట్టాడు. చాలాకాలం ఉండేలా మట్టికుండలో పెట్టమని ఆ కాగితాలు తన లేఖకుడు బారూకు చేతికిచ్చాడు. శత్రువు గోడ అవతలే ఉన్నాడు, అయినా తూకంలో తేడా రానివ్వలేదు. లెక్క చూడటం విశ్వాసానికి అడ్డమైతే యిర్మీయాకు ఆ త్రాసు ఎందుకు?

కాబట్టి మీ విశ్వాసం తక్కువేమీ కాదు. మీకున్నది టెన్షన్. దానికి తగిన కారణమూ ఉంది.

ఇప్పుడు చేయాల్సింది. ఆదివారం గుడి నుంచి వచ్చిన పూట ఈ మాట ఎత్తకండి, అప్పుడు గాయం పచ్చిగా ఉంటుంది. వేరే రోజు, పిల్లలుంటే పడుకున్నాక, ఓ కాగితం తీసుకుని ఎవరికెంత ఇవ్వాలో మీకు తెలిసినంత రాసి ఆయన ముందు పెట్టండి. "నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, మీతో కలిసి మోయాలనుకుంటున్నా. ఇందులో నాకు తెలియనివి మీరు రాయండి" అనండి. ఆయన కోప్పడితే ఆ రోజుకు ఆపేయండి, కాగితం మాత్రం చింపకండి. రెండో అడుగు, సంఘంలో నోరు జారని ఒక్కరికి చెప్పడం. పాస్టర్ గారే కానక్కర్లేదు. ఎవరికి చెప్పాలో ఆయన్నే ఎంచుకోనివ్వండి.

నిద్ర పట్టకపోవడం ఇంకా సాగుతుంటే డాక్టరుకు చూపించండి. ప్రవక్త ఏలీయా చచ్చిపోతాను ప్రభువా అని బదరీచెట్టు కింద పడుకుంటే దేవదూత ముందు రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, రెండుసార్లు. ప్రసంగం చేయలేదు. మీ వారు కూడా చనిపోవాలనే మాట ఎత్తితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి.

ఇక ఆ లోను. సంతకం పెట్టకండి. "ఆ కాగితం పూర్తిగా రాశాక ఇద్దరం కలిసి చూద్దాం" అని చెప్పండి, ఎన్నిసార్లు అడిగినా అదే మాట.