ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ పిల్లలకు సంక్రమిస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) అని నిర్ధారించారు. రిపోర్టులో ‘ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉంది’ అని రాశారు. అది రక్తాన్ని ఎలా పాడుచేస్తుంది? మాకూ వస్తుందా?

జవాబు: ముందుగా మీ భయం సంగతి. ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించదు. మీ నాన్నగారు ఈ మార్పుతో పుట్టలేదు. ఎముక మజ్జలో రక్తకణాలను తయారుచేసే ఒకే ఒక్క మూలకణంలో పెద్దయ్యాక ఎప్పుడో జరిగిన పొరపాటు ఇది.

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే శాస్త్రవేత్తలు ఈ రోగుల కణాల్లో అసాధారణంగా పొట్టిగా ఉన్న క్రోమోజోమ్‌ను గుర్తించడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. 9వ, 22వ క్రోమోజోములు తెగి, తెగిన ముక్కలను పరస్పరం మార్చుకోవడమే దీనికి కారణమని 1973లో శాస్త్రవేత్త జానెట్ రౌలీ చూపించారు. ఆ మార్పిడిలో 9వ దానిపై ఉండే ఏబీఎల్ జన్యువు వచ్చి 22వ దానిపై ఉన్న బీసీఆర్ జన్యువుకు అతుక్కుంటుంది. మామూలు ఏబీఎల్ ఎంజైమ్ అవసరమైనప్పుడు పనిచేసి ఆగిపోతుంది; అతుకుపడిన జన్యువు తయారుచేసే ప్రోటీన్ మాత్రం ఆగకుండా పనిచేస్తూ, విభజన చెందమనే సంకేతాన్ని కణానికి నిరంతరం పంపుతుంది కాబట్టి తెల్లకణాలు అదుపు తప్పి పెరిగిపోతాయి.

లోపం ఇంత స్పష్టంగా ఒకేచోట దొరకడం క్యాన్సర్లలో అరుదు, రోగులకు అదే మేలయింది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మందు, ఆ ప్రోటీన్‌లో ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే అణువు) చేరవలసిన చోటును ఆక్రమించి దాని పనిని నిలిపివేస్తుంది. ఒంట్లో బాగుందని మీ నాన్నగారిని మాత్రలు సొంతంగా మాననివ్వకండి. బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో కొలిచే పీసీఆర్ పరీక్షను డాక్టరు చెప్పిన గడువుల్లో తప్పక చేయించండి.