“మన ఇంటికి వెళ్తున్నాం” అని మాత్రం చెప్పకండి

దోహా నుంచి జూన్‌లో ఒడిశాలోని రాయగడ వచ్చేస్తున్నామని, ఆరేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఇక్కడ ఎలా ఇముడుతారోనని టెన్షన్‌గా ఉందని, ఏం చేయాలని మీరు అడిగారు. మేము 2022 మే నెలలో మస్కట్ వదిలి ఒడిశాలోనే ఉన్న మా పర్లాకిమిడి వచ్చేశాం. అప్పుడు పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగున్నర.

మా మొదటి తప్పు విమానం ఎక్కకముందే జరిగిపోయింది. నెల రోజులపాటు “మన ఇంటికి వెళ్లిపోతున్నాం” అని పిల్లల్ని ఊరించాం. వచ్చిన నాలుగో రోజు రాత్రి బాబు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. “ఇంక ఇంటికెళ్దాం” అన్నాడు. వాడి ఇల్లంటే మస్కట్‌లోని రువీలో రెండు గదుల ఫ్లాటు. మాకది అద్దె కొంప, వాడు పాకిందీ నడిచిందీ అందులోనే. అందుకే “మామ్మ వాళ్లింటికి వెళ్తున్నాం, ఇకమీదట అక్కడే ఉంటాం, ఈ ఫ్లాట్‌లోకి వేరేవాళ్లు వస్తారు” అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

మా అత్తగారు ఓదార్పుగానే “అక్కడేముందిరా, ఎడారి!” అనేవారు. వాడికి ఒళ్లు మండిపోయేది. మావారు నచ్చజెప్పాక ఆవిడ మాట మార్చి, “అక్కడ కొండలెలా ఉంటాయిరా?” అని అడగడం మొదలుపెట్టారు. మస్కట్‌లో ఎటు చూసినా చెట్టు మొలవని గోధుమరంగు కొండలు. ఇక్కడ మహేంద్రగిరి వైపు వెళ్తే అంతా పచ్చదనమే. కొండమీద ఇన్ని చెట్లెందుకున్నాయని వాడు మామ్మను నిలదీసేవాడు. ఆ కబుర్లతోనే ఇద్దరికీ జత కుదిరింది.

సామాను బరువు లెక్కల్లో పడి వాడి పాత దుప్పటి అక్కడే ఎవరికో ఇచ్చేశాను. మీరు కావాలంటే మిక్సీ వదిలేయండి, పిల్లల దుప్పటిలాంటివి మాత్రం తెచ్చుకోండి.

పాపది వేరే పేచీ. ఒమన్‌లో శుక్ర, శనివారాలు సెలవు కదా, “శుక్రవారం బడేంటి?” అని రెండు నెలలు గొడవ చేసింది. దోహాలోనూ అదే పద్ధతి కాబట్టి మీకూ తప్పదు, ముందే చెవిన వేయండి. దాని మొదటి స్నేహితురాలు మాత్రం బడిలో దొరకలేదు. జూన్ మధ్యలో ఒడియావాళ్లు మూడు రోజులు రజో పండగ చేస్తారు, ఆడపిల్లలకు ఉయ్యాలలు కడతారు. పక్కింటి ఉయ్యాల దగ్గర వంతు కోసం పోట్లాడుకుని స్నేహం కలిపేసుకున్నారు. వీలైతే ఆ పండగకు ముందే చేరుకోండి.

అసలు కష్టం భాషతోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, ఒడియా, వీధిలో అన్నీ కలిపి. బాబు బడిలో దాదాపు మూడు నెలలు నోరు విప్పలేదు. “పిల్లాడు కాస్త మందంగా ఉన్నట్టున్నాడు, డాక్టరుకు చూపించండి” అన్నారు టీచరమ్మ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో గలగలా మాట్లాడుతున్నాడు కాబట్టి ఆగి చూశాం. కొత్త భాష మధ్యలో పడ్డ చిన్నపిల్లలు కొన్నాళ్లు వింటూ మౌనంగా ఉండిపోవడం మామూలేనని తర్వాత తెలిసింది. ఇంట్లో కూడా మాట తగ్గితే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించాల్సిందే. ఒకరోజు పెరట్లో మేక దూరి బంతి మొక్కలు తింటుంటే, “ఏఠు జా! ఏఠు జా!” (ఇక్కణ్ణుంచి పో) అని అదిలిస్తూ కనిపించాడు. వాడి నోట మేము విన్న మొదటి ఒడియా మాట అదే. మేకే గురువు!

ఒడియా వస్తుందో రాదోనన్న భయంతో ఇంట్లో తెలుగు మాత్రం మానకండి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెబుతూనే ఇక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకున్న ఊరు మాది, ఇక్కడ మూడు భాషలు ఎవరికీ వింత కాదు.

ఇంకొకటి. పాప టీసీ మీద అక్కడి విద్యాశాఖ ముద్ర, మన ఎంబసీ ముద్ర కావాలని ఇక్కడి బడిలో అడిగారు. మీరు చేర్చబోయే బడికి ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కుని, ఏం కావాలన్నా అక్కడుండగానే చేయించుకోండి. వచ్చేశాక తెలిసినవాళ్లను బతిమాలి చేయించుకునేసరికి మాకు రెండు నెలలు పట్టింది.