డిసెంబరులో విడుదలైతే క్రిస్మస్ సినిమా అవుతుందా?

అమెరికాలో ఉద్యోగంలో చేరి మూడు నెలలైన ఒక తెలుగు అమ్మాయి ఈ మధ్య నన్ను ఒక సందేహం అడిగింది. డిసెంబరు రెండో వారంలో వాళ్ళ ఆఫీసులో అందరూ కలిసి భోజనం చేస్తారట, ఆ రోజున ఒక్కొక్కరూ తమకు బాగా ఇష్టమైన క్రిస్మస్ సినిమా పేరు చెప్పి, అది ఎందుకు ఇష్టమో నాలుగు మాటలు మాట్లాడాలట. "మేము క్రైస్తవులం కాము అంకుల్, ఏసుక్రీస్తు మీద వచ్చిన ఇంగ్లీషు సినిమా ఒక్కటీ నేను చూడలేదు, ఏం చెప్పమంటారు?" అని ఆమె దిగులు. ఏటా డిసెంబరు వచ్చేసరికి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఎవరో ఒకరు ఇదే అడుగుతూ ఉంటారు కనుక, ఆమెకు చెప్పిన సమాధానాన్ని కొంచెం విస్తరించి ఇక్కడ రాస్తున్నాను.

నేను షికాగో వచ్చిన తొలి ఏడాది, అంటే 1998 డిసెంబరులో, ఇటువంటి భోజనంలోనే నన్నూ ఈ ప్రశ్న అడిగారు. నేను తడుముకోకుండా 'టైటానిక్' అని చెప్పాను. ఆ చిత్రం 1997 డిసెంబరు 19న, సరిగ్గా పండుగకు ముందు విడుదలైంది, ఊరూవాడా చూశారు, కాబట్టి క్రిస్మస్ సినిమా అంటే అదే అయి ఉంటుందని నా లెక్క. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదగా ఊరుకున్నారు. 1912 ఏప్రిల్‌లో మునిగిపోయిన ఓడ కథకూ క్రిస్మస్‌కూ సంబంధం ఏమిటో వాళ్ళకు అర్థం కాలేదు, నేను చెప్పినదానిలో తప్పేమిటో నాకూ అర్థం కాలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ పొరపాటు ఎక్కడినుంచి వచ్చిందో స్పష్టంగా కనిపిస్తుంది. మన దగ్గర సంక్రాంతి సినిమా అంటే సంక్రాంతికి విడుదలయ్యే సినిమా. అందులో ముగ్గు లేకపోయినా, గొబ్బెమ్మ లేకపోయినా, కథ అంతా విదేశంలో నడిచినా, పెద్ద హీరో చిత్రం జనవరి రెండో వారంలో థియేటర్లకు వచ్చిందంటే అది సంక్రాంతి బరిలో ఉన్నట్టే. పేరును నిర్ణయించేది విడుదల తేదీ. అయితే మనకే ఇంకొక అలవాటు కూడా ఉండేది, దాన్ని నేను అప్పట్లో గుర్తుకు తెచ్చుకోలేదు. శివరాత్రి నాడు జాగారం కోసం థియేటర్లలో తెల్లవార్లూ ఆటలు వేసేవారు. 1976లో వచ్చిన 'భక్త కన్నప్ప' వంటి చిత్రం ఎప్పుడు విడుదలైందన్న ఆలోచన అక్కడ ఎవరికీ ఉండదు. పాతదని తెలుసు, కథ తెలుసు, పాటలు నోటికి వచ్చు, అయినా దుప్పటి కప్పుకుని పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని మళ్ళీ చూస్తారు. అమెరికావాళ్ళు క్రిస్మస్ సినిమా అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉండేది మన సంక్రాంతి సినిమా కంటే శివరాత్రి జాగారం సినిమాకే దగ్గరగా ఉంటుంది. పండుగ వచ్చిన ప్రతిసారీ తిరిగి చూసే సినిమా అది.

విడుదల తేదీకి ఈ లెక్కలో విలువ ఎంత తక్కువో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. న్యూయార్క్‌లోని మేసీస్ అనే పెద్ద దుకాణంలో శాంటా వేషానికి కుదిరిన ఒక ముసలాయన తానే నిజమైన శాంటానని చెప్పడం, ఆ సంగతి కోర్టుకెక్కడం కథగా తీసిన 'మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్' అనే చిత్రం 1947 వేసవి మొదట్లో విడుదలైంది. జనం వేసవిలోనే ఎక్కువగా థియేటర్లకు వస్తారని స్టూడియో అధిపతి డారిల్ జానక్ నమ్మకం. అందుకని ప్రకటనల్లో క్రిస్మస్ ఊసు లేకుండా జాగ్రత్తపడ్డారు. ఆ ముసలాయన పాత్ర వేసిన ఎడ్మండ్ గ్వెన్‌కు ఆస్కార్ వచ్చింది. వేసవిలో వచ్చిన ఆ చిత్రాన్ని ఈనాటికీ డిసెంబరులోనే చూస్తారు.

ఇక మతం సంగతి. 1978లో వచ్చిన 'కరుణామయుడు' మన పల్లెల్లో తెర కట్టి చూపించగా చూసినవాళ్ళకు క్రిస్మస్ సినిమా అనగానే ఏసు జీవితకథే తోస్తుంది. అది సహజం. ఇక్కడికి వచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు సైతం మొదట్లో ఆశ్చర్యపోవడం నేను చూశాను, ఎందుకంటే అమెరికాలో క్రిస్మస్ సినిమాలుగా పేరుపడ్డవాటిలో బెత్లెహేము, పశువుల తొట్టె, జ్ఞానులు దాదాపుగా కనిపించరు. 1965లో టీవీ కోసం తీసిన చార్లీ బ్రౌన్ అరగంట కార్టూన్‌లో లైనస్ అనే చిన్నపిల్లవాడు లూకా సువార్తలోని వాక్యాలను చెప్పే ఘట్టం అందరికీ గుర్తుండిపోవడానికి ఒక కారణం, అటువంటి ఘట్టాలు అరుదు కావడమే. క్రిస్మస్ 1870 నుంచి ఇక్కడ ఫెడరల్ సెలవు దినం. ఏ మతం వారైనా ఆ రోజు పని మానుకుని ఇంట్లో ఉంటారు, కాబట్టి సినిమాలు కూడా ఆ ఇంటినే పట్టుకున్నాయి. దూరాన ఉన్నవాడు ఇల్లు చేరడం, పిసినారి మనసు కరగడం, తెగిన బంధుత్వం అతుక్కోవడం వీటి కథావస్తువులు. 1843లో చార్లెస్ డికెన్స్ రాసిన స్క్రూజ్ అనే పిసినారి కథలోనే ఈ సరకంతా ఉంది.

కథ క్రిస్మస్ నాడు జరిగినంత మాత్రాన సరిపోతుందా అంటే, నేను ఆ అమ్మాయికి ఒక పరీక్ష చెప్పాను. కథలోంచి క్రిస్మస్‌ను తీసేసి చూడండి. తీసేసినా కథ నిలబడితే అక్కడ పండుగ అలంకారం మాత్రమే. 1990 నవంబరులో వచ్చిన 'హోమ్ అలోన్' తీసుకుందాం. చుట్టాలతో సహా కుటుంబమంతా ఒకేసారి పారిస్ బయలుదేరేది పండుగకే. ఆ హడావిడిలోనే పిల్లవాడు ఇంట్లో మిగిలిపోతాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు పండుగకు ఊళ్ళు వెళ్ళారు కనుకనే దొంగలు ఆ వీధిని ఎంచుకుంటారు. విమానాలు నిండిపోయాయి కనుకనే తల్లికి వెనక్కి రావడానికి టికెట్ దొరకదు. ఒక్క క్రిస్మస్‌ను లాగేస్తే ఈ కథ మొత్తం కూలిపోతుంది. పిల్లలు దొంగలు జారిపడే దృశ్యాలకు నవ్వుతారు, కానీ పెద్దవాళ్ళు గమనించవలసింది చర్చిలో జరిగే ఘట్టం. ఊరంతా భయపడే పక్కింటి ముసలాయన వచ్చి పిల్లవాడి పక్కన కూర్చుంటాడు. కొడుకుతో మాటలు లేవు కనుక మనవరాలి పాటను ఇలా దూరంనుంచే వినవలసి వస్తోందని చెబుతాడు. భయంగా ఉంటే ఉండనివ్వండి, ఒక్కసారి ఫోన్ చేయండని ఆ ఎనిమిదేళ్ళవాడు ఆయనకు సలహా చెబుతాడు. ఆ సినిమాకు గుండె ఆ రెండు మూడు నిమిషాలే అని నా అభిప్రాయం. ఆ ఇల్లు మా షికాగో శివారులోని విన్నెట్కాలో ఉంది. చూడాలనుకుంటే వీధిలోంచి చూసి రావచ్చు, అది ఎవరో నివసించే ఇల్లు కనుక గుమ్మం దాకా వెళ్ళడం మర్యాద కాదు.

ఈ చర్చ ఎక్కడ మొదలైనా చివరికి 'డై హార్డ్' దగ్గరకు వచ్చి ఆగుతుంది, కాబట్టి దాన్ని గురించి కొంచెం తెలుసుకుని ఉండటం మంచిది. 1988 జులైలో విడుదలైన తుపాకుల సినిమా అది. అది క్రిస్మస్ సినిమా కాదనేవారు దాని విడుదల నెలను, అందులోని రక్తపాతాన్ని చూపిస్తారు. అందులో కథానాయకుడిగా వేసిన బ్రూస్ విల్లిస్ స్వయంగా 2018లో ఒక వేదిక మీద అది క్రిస్మస్ సినిమా కాదని ప్రకటించారు, కథారచయితల్లో ఒకరైన స్టీవెన్ డిసౌజా మాత్రం ముమ్మాటికీ క్రిస్మస్ సినిమాయే అంటారు. నేను చెప్పిన పరీక్షనే దీనికీ పెట్టి చూడండి. న్యూయార్క్‌లో ఉండే పోలీసు, తనకు దూరంగా లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న భార్యనూ పిల్లల్నీ పండుగకు కలవాలని వస్తాడు. ఆ రాత్రి ఆమె ఆఫీసులో క్రిస్మస్ పార్టీ ఉండబట్టే, మిగతా భవనమంతా ఖాళీగా ఉన్నా ఆ ఒక్క అంతస్తులో మనుషులు ఉంటారు, చొరబడిన దొంగలకు వాళ్ళే బందీలుగా దొరుకుతారు. భార్య పేరు హోలీ, అది పండుగకు గుమ్మాలకు కట్టే ఎర్రపండ్ల మొక్క పేరు. చివర్లో అతను తుపాకీని వీపుకు అతికించుకునేది కూడా కానుకలు చుట్టడానికి తెచ్చిన టేపుతోనే. విడిపోయిన భార్యాభర్తలు పండుగ రాత్రి ఒకటయ్యే కథ కనుక, నా లెక్కలో అది క్రిస్మస్ సినిమాయే. అయితే దానికి ఆర్ రేటింగ్ ఉంది, అంటే పదిహేడేళ్ళ లోపువాళ్ళు పెద్దవాళ్ళ తోడు లేకుండా థియేటర్లో చూడకూడదు. పండుగ సినిమా అన్నారు కదా అని చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి పెట్టకండి.

ఒక సినిమా పండుగలో భాగం కావడానికి కథ ఒక్కటే చాలదు, ఏళ్ళ తరబడి అలవాటు కావాలి. ఆ అలవాటు ఎలా ఏర్పడుతుందో చెప్పడానికి 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' కంటే మంచి ఉదాహరణ లేదు. ఫ్రాంక్ కాప్రా తీసిన ఆ చిత్రం 1946 డిసెంబరులో వచ్చింది, థియేటర్లలో నష్టపోయింది. 28 ఏళ్ళు గడిచాక, 1974లో, కాపీరైట్‌ను పునరుద్ధరించుకోవడానికి పంపవలసిన దరఖాస్తు పంపలేదు. దాంతో రుసుము కట్టనక్కర లేకుండా ఆ సినిమా టీవీ స్టేషన్లకు దొరికింది, ప్రతి డిసెంబరులో ఏదో ఒక ఛానెల్‌లో పదేపదే వేశారు. మూల కథ మీద, సంగీతం మీద ఉన్న హక్కుల ఆధారంగా 1990ల్లో ఆ చిత్రాన్ని మళ్ళీ అదుపులోకి తెచ్చుకున్నారు కానీ, అప్పటికే ఒక తరం పిల్లలు దాన్ని ఏటేటా చూస్తూ పెరిగిపోయారు.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. భర్త పోయిన మరుసటి ఏడాది డిసెంబరు 24 సాయంత్రం మమ్మల్ని పిలిచి ఆ నలుపు తెలుపు చిత్రం పెట్టారు. చావబోయిన కథానాయకుడు జార్జ్ బెయిలీ, తాను అసలు పుట్టకపోయి ఉంటే లోకం ఎలా ఉండేదో చూసి వెనక్కి వచ్చి, జేబులో చెయ్యి పెట్టి చిన్న కూతురు ఇచ్చిన పూరేకులు ఇంకా అక్కడే ఉన్నాయా అని వెతుక్కునే చోట, ఆయన నోరు తెరవక ముందే ఆయన అనబోయే మాటలు ఆవిడ మెల్లగా అన్నారు. నా భార్య లేచి వెళ్ళి ఆవిడ చేయి పట్టుకుని కూర్చుంది. నేను 1998లో చెప్పిన సమాధానం వాళ్ళకు ఎందుకు అందలేదో నాకు ఆ సాయంత్రం తెలిసింది. వాళ్ళు ఆ రోజు సినిమా పేరు అడిగినా, నిజానికి నన్ను అడిగింది మీ ఇంట్లో పండుగకు ఎవరెవరు కలిసి కూర్చుంటారు అని, ఆ సంగతి నాకు అప్పుడు తెలియలేదు.

హాల్‌మార్క్ ఛానెల్‌లో అక్టోబరులోనే మొదలై వరుసగా వచ్చే సినిమాల గురించి కూడా ఆ అమ్మాయి అడిగింది. పట్నంలో ఉద్యోగం చేసే అమ్మాయి సొంతూరికి రావడం, అక్కడొక మంచివాడు తారసపడటం, చివర్లో మంచు కురవడం. పని చేసుకుంటూ చూడటానికి హాయిగా ఉంటాయి, అంతకంటే చెప్పవలసిందేమీ లేదు.

కాబట్టి అమ్మా, చూడని సినిమా పేరు మాత్రం చెప్పవద్దు. పేరు చెప్పగానే ఎవరితో చూశారు, చిన్నప్పుడు చూశారా అని తప్పక అడుగుతారు, ఎందుకంటే వాళ్ళకు కావలసింది ఆ సంగతే. క్రిస్మస్ సినిమా ఏదీ చూడలేదని చెప్పినా ఎవరూ ఏమీ అనుకోరు, దానికి బదులు శివరాత్రి జాగారం గురించి చెప్పినా శ్రద్ధగా వింటారు. ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, చిన్నప్పుడు వేసవి సెలవుల్లో వరంగల్‌లో అన్నయ్యతో కలిసి టీవీలో 'హోమ్ అలోన్' చాలాసార్లు చూశానని, అది దొంగల సినిమా అనుకున్నానే తప్ప అందులో క్రిస్మస్ ఉందన్న సంగతే పట్టించుకోలేదని అంది. ఆ మాటే చెప్పమన్నాను. భోజనం వచ్చే బుధవారం. ఈ శనివారం రాత్రి రూమ్మేట్లతో కలిసి మళ్ళీ చూస్తానంది, వరంగల్‌లో ఉన్న అన్నయ్యను కూడా అదే సమయానికి వీడియో కాల్‌లో కూర్చోబెడుతుందట.