వారంలో రిజిస్టర్ పెళ్లి అవ్వదు

బ్రదర్, మీరు హిందూ, అమ్మాయి ముస్లిం, ఎవరూ మతం మారరు, వచ్చే వారమే హైదరాబాద్‌లో రిజిస్టర్ పెళ్లి అయిపోవాలి అన్నారు కదా. వారంలో అవ్వదు. మీకున్న దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. మీకు 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. అక్కడి మ్యారేజ్ ఆఫీసర్‌కి నోటీసు ఇస్తే దాన్ని ఆఫీసు గోడకి అంటిస్తారు, ఆపైన ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పడానికి వీలుగా 30 రోజులు ఆగాలి.

అసలు తిరకాసు వేరే ఉంది. మీ సొంతూరు గుంటూరు అన్నారు. శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే నోటీసు కాపీ అక్కడికీ పంపి అంటించాలని చట్టమే చెబుతోంది. కాబట్టి ఇంట్లో తెలియదనే ధీమా వద్దు.

తెలిసినా కంగారు పడకండి. వయసు చాలకపోవడం, ముందే భార్యో భర్తో ఉండటం, మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం (పెళ్లి చేసుకోకూడని దగ్గరి చుట్టరికం), ఇలాంటి వాటి మీదే అభ్యంతరం చెల్లుతుంది. ఇంట్లోవాళ్లు 'మాకిష్టం లేదు' అంటే చెల్లదు.

పెళ్లి రోజున ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు పెళ్లి కాకపోతే మళ్లీ కొత్త నోటీసే.