తమ్ముడు ములాఖత్‌కు రావద్దంటున్నాడు

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. కొట్లాట కేసులో నెలన్నరగా రిమాండ్‌లో ఉన్నాడు. పోయిన వారం బెయిల్ పిటిషన్ కొట్టేశారు. మొన్న ములాఖత్‌కు వెళ్తే, 'ఇక రావొద్దక్కా, నా బండి అమ్మేసి లాయరు ఫీజు కట్టెయ్' అన్నాడు. ఆ తీరు చూస్తే ఏమైనా చేసుకుంటాడేమోనని భయమేస్తోంది. అమ్మేమో, అలాంటివి నోటితో అనకూడదంటోంది. ఏం చేయాలి?

జవాబు: మీ భయం ఉత్తదే కావచ్చు. కానీ ఉత్తదని తేలేదాకా నిజమనుకునే నడవండి. రావద్దనడం, ఉన్న బండి అమ్మేయమనడం, రెండూ బెయిల్ కొట్టేశాకే జరిగాయి.

జైల్లో మొదటి రాత్రి గడిస్తే గండం గడిచినట్టేనని ఒకప్పుడు అనుకునేవారు. అమెరికాలో లిండ్సే హేస్ అనే పరిశోధకుడు 2005, 2006లలో అక్కడి స్థానిక జైళ్లలో జరిగిన 464 ఆత్మహత్యలను పరిశీలిస్తే, తొలి 24 గంటల్లో జరిగినవి నాలుగో వంతు కూడా లేవు. కొన్ని నెలల తర్వాత జరిగినవీ ఉన్నాయి. కోర్టు వాయిదాకు అటూ ఇటూ ఉన్న రోజులు, ఒంటరి గది ప్రమాదకరమని తేలింది. మన దగ్గరా సుప్రీంకోర్టు వేసిన జైలు సంస్కరణల కమిటీ లెక్క ప్రకారం 2017-21 మధ్య 817 అసహజ మరణాల్లో 660 ఆత్మహత్యలే. 'నెలన్నరైంది కదా, అలవాటు పడి ఉంటాడులే' అని ఎవరన్నా నమ్మకండి.

రేపే సూపరింటెండెంట్‌కు కాగితం మీద రాసివ్వండి. తమ్ముడు అన్న మాటలు, బెయిల్ కొట్టేసిన తేదీ, వచ్చే వాయిదా, ఇదివరకు ఏదైనా ప్రయత్నం చేసి ఉంటే అదీ రాయండి. కాపీ మీద సంతకం తీసుకోండి. వార్డర్‌కు తెలియనిది మీకే తెలుసు. మానసిక వైద్యుడికి చూపించమనండి. 'వేరే సెల్‌లో పెడతాం' అంటే మాత్రం ఒప్పుకోకండి. నలుగురున్న బ్యారక్‌లోనే ఉంచి కనిపెట్టుకోమనండి.

రావద్దన్నా వెళ్లండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా రా?' అని సూటిగానే అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టుకొస్తుందని అమ్మగారి భయం. అలా జరగదు, లోపల ఉంటే బయటపడుతుంది, అంతే. అప్పుల గొడవలు అక్కడ ఎత్తకండి. చావాలనిపిస్తోందని తమ్ముడు అంటే, ఆ క్షణమే జైలు అధికారులకు చెప్పండి, చెప్పాకే గేటు దాటండి. మీ టెన్షన్‌కు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

బెయిల్ కోసం పై కోర్టుకు వెళ్లొచ్చు. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీట్ వేయకపోతే బెయిల్ అడిగే హక్కూ వస్తుంది. కస్టడీలో ఉన్నవాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. కాబట్టి బండి అమ్మకండి. 'తాళం నా దగ్గరే ఉంది, వచ్చి తీసుకో' అని తమ్ముడికి చెప్పండి.